మంచుసీమలో మంచినీటి గొట్టములు

శ్రీకాళహస్తిలో కూర్చుండి నీటిగొట్టములు గడ్డకట్టుటను గూర్చి వ్రాయబూనుట చూచి పాఠకులలో కొందరు నవ్వుకొనవచ్చును. మా యూర వేసవి నడిమధ్యాహ్నమున మిద్దెమీది ట్యాంకునుండి వచ్చు నీరు చేయి పెట్టనీయదు. పుష్యమాసపు తెల్లవారుజామున సైతము ఒక శాలువ కప్పుకొన్నచో చలి తీరిపోవును. స్వర్ణముఖి యేటిలో నీరు పారు దినములకంటె ఇసుక మెరయు దినములే హెచ్చు. ఆ యిసుకలో చెలమలు త్రవ్వి, ఊరిన నీటిని కొబ్బరిచిప్పతో తోడి బిందె నింపుకొన్నవారు మా తరములో అనేకులు కలరు. అట్టివారికి నీరు లేకపోవుట యనగా నేమో తెలియును గాని, గొట్టము నిండ నీరుండియు కొళాయిలో చుక్క రాకపోవుట యనగా నేమో తెలియదు.

అయినను మా యూరికిని నీటిగొట్టములకును సంబంధము లేకపోలేదు. ఇక్కడికి సమీపమున రాచగున్నేరి కడ డక్టైల్ ఇనుప గొట్టములను పోతపోయు కర్మాగారము కలదు. తిరుపతి దారిని పోవువారు లారీలమీద పేర్చిన ఆ నల్లని గొట్టములను చూచియే యుందురు. ఇది మొదటి సంబంధము. రెండవది మా పిల్లలవలన కలిగినది. ఇంజనీరింగు చదివి అమెరికాలోని టెక్సాసు, జార్జియా, న్యూజెర్సీ రాష్ట్రములలో కాపురములు పెట్టినవారు మా వీధికి ఇద్దరు ముగ్గురైన నుందురు. వారి యిండ్లలోని గొట్టము పగిలినచో దాని చప్పుడు మా యిండ్లలో వినబడుచున్నది.

2021వ సంవత్సరము ఫిబ్రవరి రెండవ వారమున డల్లసు నగర సమీపమున నున్న మా కుమారుడు ఫోనులో మాటాడుచు, "నాయనా, నాలుగైదు దినాలు విపరీతమైన చలి వస్తుందంట. రాత్రిపూట కొళాయిలన్నీ సన్నగా వదిలిపెట్టమని చెప్తున్నారు" అనెను. ఆ మాట మాకు రుచింపలేదు. "రాత్రంతా నీళ్లు కాలవలోకి వదులుతారా ఎవరైనా? అన్నీ బిగించి కట్టేసి పడుకో" అని చెప్పితిమి. చిన్ననాటినుండి వానికి నేర్పినదియు అదియే. కొళాయి కారుచుండగా చూచి యూరకుండుట మా యింట పెద్ద తప్పు. వాడు పెద్దల మాట కాదనలేక ప్రతి కొళాయిని బిగించి పరుండెను.

15వ తేదీన మాకు ప్రొద్దుగ్రుంకు వేళ, వారికి తెల్లవారుచుండగా మరల ఫోను వచ్చెను. రాత్రి నడుమ కరెంటు పోయినది. ఇంటిని వెచ్చపరచు యంత్రము ఆగిపోయినది. ఆ చలిలో టెక్సాసు రాష్ట్రమున 45 లక్షలకు పైబడిన గృహములకు, వ్యాపార స్థలములకు విద్యుత్తు నిలిచిపోయెను. 16వ తేదీన డల్లసు–ఫోర్టువర్తు విమానాశ్రయమున ఉష్ణమాపకము సున్నకు దిగువ 19 సెంటీగ్రేడు డిగ్రీలు చూపెను. ఆనాటికి మా వాని వంటింటి కొళాయిలో చుక్క రాలేదు. నీరు రాకపోవుట కేమి, చలి తగ్గిన తరువాత అదే వచ్చునని మేము ధైర్యము చెప్పితిమి. చెప్పినట్లే చలి తగ్గెను, నీరును వచ్చెను. అయితే కొళాయినుండి కాదు, అటకమీదినుండి. పడకగది లోకప్పు తడిసి, ఉబ్బి, పలకలు పలకలుగా మంచముమీద పడెను. నీటిని కట్టివేయు వాల్వు ఎక్కడ నున్నదో ఆ యింట ఎవరికిని తెలియదు. వాకిట పచ్చికలో మీటరుపెట్టె మంచుక్రింద కప్పబడి యుండెను. దానిని వెదకి త్రవ్వి, ప్రక్కయింటివారి స్పానరుతో త్రిప్పుసరికి అరగంట పట్టెను. ఆ అరగంటలో క్రింది అంతస్తంతయు తడిసిపోయెను. ప్లంబరు దొరకుటకు మూడు వారములు పట్టెను.

మా మాటలో తప్పెక్కడ నున్నదో తెలిసికొనవలెనని ఆ తరువాత కొంత చదివితిమి, తెలిసినవారి నడిగితిమి. అట్లు తెలిసిన దానిని ఇక్కడ విన్నవించుచున్నాము.

లోకమున అనేక పదార్థములు చల్లబడి గట్టిపడునప్పుడు ముడుచుకొనును. నీటి స్వభావము వేరు. నాలుగు సెంటీగ్రేడు డిగ్రీల వరకు అదియు ముడుచుకొనును. అటుపిమ్మట చల్లబడుకొలది వ్యాకోచింప నారంభించును. గడ్డకట్టునప్పుడు ఒక్కసారిగా పెరుగును. పదునొకండు చెంబుల నీరు మంచుగడ్డ యైనచో దానికి ఇంచుమించు పండ్రెండు చెంబుల చోటు కావలెను. గాజుసీసా నిండ నీరు పోసి, మూత బిగించి, ఫ్రిజ్జులోని ఐసు అరలో పెట్టి మరచినవారికి ఈ సంగతి వేరుగ చెప్పనక్కరలేదు. 1784–85 శీతకాలమున కెనడాలోని క్విబెక్కు పట్టణమున మేజర్ ఎడ్వర్డు విలియమ్స్ అను ఫిరంగిదళపు అధికారి బోలు ఇనుప గుండ్లలో నీరు నింపి, రంధ్రమున బిరడా దిగగొట్టి, ఆరుబయట చలిలో పెట్టించి చూచెను. కొన్నింటి బిరడాలు వందల అడుగుల దూరము ఎగిరిపడెను; కొన్ని గుండ్లే పగిలిపోయెను. ఫిరంగిగుండునకే ఆ గతి పట్టినప్పుడు అరయంగుళపు రాగిగొట్టము మాట చెప్పనేల?

ఇంతవరకు చాలమందికి తెలిసినదే. తెలియనిది, మేము తెలిసికొని ఆశ్చర్యపడినది ఇంకొకటి కలదు. గొట్టము పగులుట మంచు గట్టినచోటనే జరుగునని మేమనుకొంటిమి. చాల సందర్భములలో అట్లు కాదు. గొట్టములో ఏదో యొకచోట, అనగా అటకమీదనో, బయటిగోడ లోపలనో, చలి ఎక్కువగ తగిలినచోట, నీరు గడ్డకట్టి గొట్టమునకు అడ్డముగ బిరడావలె నిలుచును. ఆ బిరడా పొడవున పెరుగుచు నీటిని రెండు వైపులకు నెట్టును. వీధివైపు నీటికి వెనుకకు పోవుటకు త్రోవ కలదు. అది పెద్దగొట్టములోనికి పోవును. కొళాయివైపు నీటికి ఆ త్రోవ లేదు. ఒకప్రక్క మంచుబిరడా, ఒకప్రక్క బిగించిన కొళాయి. నడుమ చిక్కిన నీరు నలిగిపోవునది కాదు. ఇంటిగొట్టములో మామూలుగ నుండు ఒత్తిడి వాయుపీడనమునకు నాలుగు రెట్లో అయిదు రెట్లో యుండును. ఇట్లు చిక్కిన నీటిలో అది వందల రెట్లకు పోవును. అప్పుడు బిరడాకును కొళాయికిని నడుమ ఏచోట బలము తక్కువగ నున్నదో ఆచోట గొట్టము చీలును. ఆ చీలినచోట మంచు తునుకయైన నుండకపోవచ్చును. ఆ గది వెచ్చగనే యుండవచ్చును.

ఇక మా పొరపాటు తేటపడినది. కొళాయి సన్నగ వదలుటలో ప్రయోజనము పారునీరు త్వరగ గడ్డకట్టదని మాత్రమే కాదు. అసలు ప్రయోజనము, చిక్కుకొన్న నీటికి తలుపు తెరచి యుంచుట. మంచు గట్టినను గట్టవచ్చును. ఒత్తిడి చుక్కచుక్కగ బయటికి పోవుచున్నంత కాలము గొట్టము పగులదు. నీటిచుక్క విలువ తెలిసిన కరవుసీమలో పుట్టి, మేము ప్రాణముగ పాటించిన అలవాటే ఆ రాత్రి ఆ యింటి గొట్టమును చీల్చినది.

గొట్టము పగులుటయు, నీరు కారుటయు ఒకే సమయమున జరుగవు. ఈ విషయమును గమనింపవలెను. పగిలినప్పుడు మంచుబిరడా అడ్డముండుటచే నీరు రాదు. ఎండ వచ్చి బిరడా కరగిన తరువాతనే నీరు ధారగ దుముకును. కావున చలి తగ్గిన దినమే అసలైన అపాయపు దినము. అందరును హమ్మయ్య యని బజారునకో కార్యాలయమునకో పోవు దినమును అదియే. ఆ దినమున ఇంట ఎవరైన నొకరు మెలకువగ నుండి, గోడలలో చప్పుడు వినుచు, లోకప్పున తడిమరక కనబడునేమో యని చూచుకొనవలెను.

ఎంత చలికి గొట్టము గడ్డకట్టును? నీరు సున్న డిగ్రీలకు గడ్డకట్టునని బడిలో చదివితిమి గదా. అయినను సున్నకు దిగినంతనే ఇంటిగొట్టములు గట్టవు. కదలిక లేని గొట్టపు నీరు సున్నకు కొన్ని డిగ్రీలు దిగువకు జారియు నీరుగనే యుండి, పిదప హఠాత్తుగ మంచుసూదులను తొడుగును. ఇల్లినాయ్ విశ్వవిద్యాలయమువారు అటకలలోని గొట్టములపై పరిశోధన చేసి, బయట చలి 20 ఫారెన్‌హీటు డిగ్రీలకు, అనగా సెంటీగ్రేడు లెక్కను సున్నకు దిగువ సుమారు 7 డిగ్రీలకు వచ్చినప్పుడు తొడుగులేని గొట్టములకు అపాయము మొదలగునని తేల్చిరి. విశాఖ మన్యమున లంబసింగి కడ కొన్ని తెల్లవారుజాములందు గడ్డిమీది మంచుబిందువులు గడ్డకట్టినట్లు వార్తలు వచ్చుచుండును. అచ్చట కొళాయిలు పగిలినవన్న మాట లేదు. ప్రొద్దెక్కకముందు ఒక గంట రెండు గంటల చలికి గడ్డిపరక గట్టును గాని గొట్టము గట్టదు. కాశ్మీరమున డిసెంబరు 21 మొదలు నలువది దినములు చిల్లై కలాన్ అను కఠినమైన చలికాలము. ఆ దినములలో శ్రీనగరమున కొళాయిలు గడ్డకట్టుట ఏటేట జరుగు ముచ్చట. మన జిల్లాలనుండి సైన్యమున చేరి అటు పోయి వచ్చిన జవానుల నడిగినచో ఈ కథలు మాకంటె బాగుగ చెప్పుదురు.

మరి ఏటేట చలికి ఆరితేరిన మిన్నెసోటావంటి ఉత్తర రాష్ట్రములకంటె టెక్సాసు ఏల ఎక్కువగ నష్టపడినది? టెక్సాసు ఇల్లు మన యింటివలెనే ఎండను తలచుకొని కట్టిన యిల్లు. నేలక్రింది గది లేదు. కాంక్రీటు పలకమీద గోడలు లేపిరి. గొట్టములను అటకమీదుగ పోనిచ్చిరి. అటకకు, గదికి నడుమ వేడిని ఆపు పరుపు పరచిరి. దానివలన వేసవిలో గది చల్లగ నుండును; చలికాలమున అటక బయటి చలికే వదలివేయబడును. గొట్టము పరుపునకు పైన నున్నది! ఉత్తరమున గొట్టము లోపలిగోడలలో పోవును; వీధి గొట్టమును ఏడెనిమిది అడుగుల లోతున పూడ్తురు. ఏలయన భూమియే మంచి కంబళి. ఆ లోతునకు శీతకాలము ముగియువరకు చలి దిగదు. మా రాచగున్నేరి గొట్టమువంటిదియే అచ్చట పూడ్చినను లోతు లెక్క చలినిబట్టి వేయవలెను. మా యూర ఆ లెక్క పైన పోవు లారీల బరువునుబట్టి వేయుదురు.

కంబళి మాట వచ్చినది గావున ఒక్క హెచ్చరిక. గొట్టములకు నురుగుతొడుగులు అమ్ముదురు. బయటి కొళాయిలకు టోపీలవంటి మూతలు దొరకును. అవి వేడిని పుట్టింపవు. ఉన్న వేడిని త్వరగ పోనీయవు. ఒక రాత్రి చలికి అవి చాలును. కరెంటు లేక ఇల్లే మూడు దినములు చల్లబడినప్పుడు తొడుగు చేయగలిగినది స్వల్పము. విద్యుత్తుతో వేడెక్కు తీగను గొట్టమునకు చుట్టు పద్ధతియు కలదు. కరెంటు పోయినచో అదియు అంతే.

చలి రాకమునుపు చేయవలసిన పనులలో మొదటిది, నీటివాల్వు ఎక్కడ నున్నదో ఇంటిల్లిపాదికి చూపుట. త్రిప్పు పరికరమును వాకిలి ప్రక్కనే వ్రేలాడదీయవలెను. పిల్లలను చూడబోయి ఆరు మాసములుండు తల్లిదండ్రులు కూడ దీనిని నేర్చుకొనవలెను. ఏలయన పగలు ఇంటనుండువారు వారే. తోటగొట్టమును బయటి కొళాయినుండి ఊడదీయవలెను. అందులో నిలిచిన నీరు గడ్డకట్టి లోపలి గొట్టమును గూడ పట్టును. వంటింటి తొట్టిక్రింది అలమర తలుపులు తెరచి పెట్టినచో గదిలోని వెచ్చని గాలి గొట్టములకు తగులును. రాత్రి కొళాయిలను వదలునప్పుడు మీటరునకు దూరముగ నున్నవానిని, బయటిగోడల నంటియున్నవానిని తప్పక వదలవలెను. వేడినీటి గొట్టము, చన్నీటి గొట్టము రెండును వదలవలెను. వేడినీటి గొట్టము గట్టదనుకొనుట పొరపాటు. పెన్సిలు ములుకంత ధార చాలును.

ఇందులోను ఒక చిక్కు కలదు. ఊరంతయు కొళాయిలు వదలినచో, వేల ఇండ్లలో గొట్టములు పగిలి కారినచో, పెద్దగొట్టములలో ఒత్తిడి పడిపోవును. 2021లో హ్యూస్టను నగరమున అట్లే జరుగగా, ఆసుపత్రులకు, అగ్నిమాపక దళమునకు నీరు కావలెను గావున కొళాయిలను వదలవద్దని నగరాధికారులు కోరిరి. టెక్సాసులో కోటిమందికి పైగా జనులకు నీరు కాచి త్రాగుడని చెప్పవలసి వచ్చెను. అట్టి వేళ చేయదగినది వేరొకటి. వాల్వు కట్టివేసి, అన్ని కొళాయిలను తెరచి, గొట్టములలోని నీటిని పూర్తిగ దింపివేయవలెను. అంతకుమునుపే నీళ్లు కాచు యంత్రమును ఆపవలెను. నీరు లేని యంత్రము మండినచో చెడును. ఖాళీ గొట్టమున గడ్డకట్టుట కేమియు నుండదు. చలికాలమున సెలవులకు స్వదేశము వచ్చువారికి మా దృష్టిలో ఇదియే శ్రేష్ఠము. ఇల్లు వెచ్చపరచు యంత్రమును 55 ఫారెన్‌హీటు డిగ్రీలకు తగ్గకుండ నుంచి వచ్చుటయు మంచిదే గాని, కరెంటు పోయినచో దానికి దిక్కెవ్వరు?

కొళాయిలో నీరు ఆగిపోయినచో గొట్టము గట్టినదని గ్రహించి, ఆ కొళాయిని తెరచియే యుంచవలెను. జుట్టు ఆరబెట్టు యంత్రముతోనో, వేడినీట తడిపిన తువాళ్లతోనో గొట్టమును మెల్లగ వెచ్చపరుపవలెను. కొళాయి దగ్గర మొదలిడి గట్టినచోటి వైపునకు పోవలెను గాని, నడుమ మొదలిడరాదు; కరగిన నీటికి బయటికి త్రోవ యుండవలెను. మంటను మాత్రము ఎన్నడును దగ్గరకు తేరాదు. అచ్చటి గోడలు కొయ్యచట్రముల గోడలు. గొట్టము గడ్డ వీడకమునుపే ఇల్లు అంటుకొనును. గొట్టము చీలినట్లు కనబడినచో మొదట వాల్వు, పిదప తడి తగులుచోటి కరెంటు కట్టివేసి, ఆ తరువాతనే చాప చుట్టుట, బక్కెట్లు పెట్టుట.

కరెంటు లేనప్పుడు కుంపటిని ఇంటిలోనికి తెచ్చుట మన వారికి సహజముగ తోచు పని. ఇక్కడ మన యిండ్లు గాలి ఆడు ఇండ్లు. అక్కడి ఇండ్లు చలి చొరకుండ బిగించినవి. బొగ్గుల కుంపటి, గరాజులో నడపిన కారు, వాకిట కిటికీ దగ్గర పెట్టిన జనరేటరు, ఇవన్నియు వాసన లేని విషవాయువును ఇంట నింపును. 2021 నాటి ఆ చలిలో 246 మంది మరణించినట్లు టెక్సాసు ఆరోగ్యశాఖవారు లెక్క తేల్చిరి. వారిలో కొందరు ఈ వాయువునకు బలియైనవారే. గొట్టము పోయిన వేరొకటి వేయించుకొనవచ్చును. ఈ ఒక్క విషయమున మాత్రము పిల్లలకు ఫోనుచేసి గట్టిగ చెప్పుడని కోరుచున్నాము.

రేడియో గల గృహములవారము గావున ఇంకొక మాట. ఆ దినములలో కరెంటు లేక, ఫోనులలో ఛార్జి అయిపోయి, మా వానికి బయటి లోకమేమియు తెలియకపోయెను. బ్యాటరీతో నడచు చిన్న రేడియో ఒకటి ఇంటనున్నచో చలి ఎప్పుడు తగ్గునో, నీరు కాచవలెనో అక్కరలేదో ఎప్పటికప్పుడు తెలిసియుండును. మరుసటి సారి ఇక్కడికి వచ్చినప్పుడు మేమొకటి కొని పెట్టెలో పెట్టి పంపితిమి.

2022వ సంవత్సరము క్రిస్మసు దినములలో మరల పెద్ద చలి వచ్చినది. అప్పుడు మా గృహిణి డల్లసులో నుండెను. ఈ పర్యాయము రాత్రి పడుకొనకమునుపు ప్రతి కొళాయిని సన్నగ వదలిరి. ఆమెకు నిద్ర పట్టలేదట. చుక్క పడుచున్న చప్పుడు చెవిని బడినకొలది ప్రాణము కొట్టుకొని, రెండు మారులు లేచిపోయి వంటింటి కొళాయిని బిగించెనట. రెండు మారులును కోడలు వెనుకనే వచ్చి, "అత్తమ్మా, వద్దు" అని మరల వదలెనట. మూడవమారు కోడలే ఒక ఉపాయము చేసినది. కొళాయిక్రింద పెద్ద గిన్నె, స్నానపు గదిలో బక్కెట్లు పెట్టినది. తెల్లవారుసరికి అవి నిండినవి. ఆ నీటితో బియ్యము కడిగి, గిన్నెలు తోమి, మిగిలిన దానిని కిటికీలోని తులసికుండీకి పోసినట్లు మా గృహిణి ఉదయమే ఫోను చేసి చెప్పినది.